సర్వీస్ తర్వాత ఆయిల్ మట్టం: బిల్లు, డ్యాష్‌బోర్డు, డిప్‌స్టిక్... దేన్ని నమ్మాలి?

సర్వీస్ అయి వచ్చిన డీజిల్ కారులో ఇంజన్ ఆయిల్ ఎంత ఉందో చెప్పడానికి మూడు సాక్ష్యాలు దొరుకుతాయి. బిల్లులో రాసిన లీటర్లు ఒకటి. డ్యాష్‌బోర్డులో కనిపించే ‘ఆయిల్ ఓకే’ రెండోది. బానెట్ కింద గొట్టంలో దూరి ఉన్న డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం కొలిచే పుల్ల, మూడోది. మూడూ ఒకే మాట చెప్తే గొడవే లేదు. చెప్పకపోతే డిప్‌స్టిక్ మాటే చెల్లాలి. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ పుల్ల గురించే. దానికి పోటీగా వచ్చిన ఎలక్ట్రానిక్ గేజును, ఎక్కువైన ఆయిల్ తోడే చేతిపంపును కూడా పక్కన నిలబెట్టి చూద్దాం.

సర్వీస్ నుంచి వచ్చిన డీజిల్ ఇంజన్లో ఆయిల్ తక్కువ పోశారేమోనని అందరూ భయపడతారు. ఎక్కువ పోశారేమోనని చూసేవాళ్లు అరుదు. చూడాల్సింది ముందు అదే. పుల్ల మీద కనిష్ఠానికి కింద ఒక గీత, గరిష్ఠానికి పైన ఒక గీత ఉంటాయి. పుల్ల తీసి, తడి పై గీత దాటి కనిపిస్తే ‘నిండుగా పోశారు, మంచివాళ్లు’ అని మూత వేసేస్తారు చాలామంది. ఇంజన్ దృష్టిలో అది మంచితనం కాదు.

ఎక్కువ ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది. మాన్యువల్లో ఒకే ఇంజన్‌కు రెండు మూడు అంకెలు ఉంటాయి: ఫిల్టర్ మారిస్తే పట్టేది, మార్చకపోతే పట్టేది, ఇంజన్ మొత్తం విప్పి పొడిగా బిగించాక పట్టేది. ఈ మూడో అంకె మామూలు సర్వీసుకు పనికిరాదు. ఆయిల్ కూలర్లో, లోపలి సన్న దారుల్లో, టర్బోకు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగానికి) వెళ్లే పైపుల్లో పాత ఆయిల్ ఎంతో కొంత మిగిలే ఉంటుంది. పొడి ఇంజన్ లెక్కతో పోస్తే ఆ మిగిలిందంతా అదనం. పైగా ‘డీజిల్ కారుకు ఇన్ని లీటర్లు’ అనే లెక్కే లేదు. ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజన్‌కు 3 లీటర్ల పైచిలుకు సరిపోతుంది, టయోటా 2.8 లీటర్ల 1జీడీ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి 7.5 లీటర్లు కావాలి. ఒకే కారు పేరుతో రెండు మూడు ఇంజన్లు వచ్చిన చోట పక్క ఇంజన్ అంకె చూసి పోయడం కూడా జరుగుతుంది.

రెండో కారణం తొందర. వేడిగా ఉన్న ఆయిల్ డ్రెయిన్ బోల్ట్ తీయగానే ధారగా దూకుతుంది, రెండు మూడు నిమిషాల్లో ధార సన్నబడుతుంది. అసలు ఓపిక కావాల్సింది అక్కడే. ధార చుక్కలుగా మారి, చుక్కకూ చుక్కకూ మధ్య వ్యవధి పెరిగేదాకా పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. ధార సన్నబడగానే బోల్ట్ బిగిస్తే పావు లీటరు దాకా లోపలే ఉండిపోతుంది. ఇంజన్ చల్లగా ఉండగా తీస్తే ఇంకా ఎక్కువ. మూడో కారణం మరీ మామూలుది: ఇంజన్‌కు 5.3 లీటర్లు కావాలి, డబ్బాల లెక్క కలవదు, 5.5 పోసేస్తారు. బిల్లులో ఆయిల్ అంకె మరీ గుండ్రంగా ఉంటే డిప్‌స్టిక్ బయటికి తీయడానికి ఆ కారణం చాలు.

ఇక డిప్‌స్టిక్కులు. ఇవన్నీ ఒకటే అనుకుంటాం కానీ, వాడి చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

పాతకాలపు చదును ఉక్కు పట్టీ ఇప్పటికీ అన్నిటికన్నా మేలు. గీతలు లోహంలోకే నొక్కి ఉంటాయి కాబట్టి చెరగవు. కొన్నిటి మీద రెండు చుక్కలు గానీ రెండు గంట్లు గానీ ఉంటాయి, మధ్యలో అడ్డగీతల జాలి ఉంటుంది. ఆ జాలి అందానికి పెట్టింది కాదు. సర్వీస్ అయిన రోజు ఆయిల్ తేనె రంగులో పారదర్శకంగా ఉంటుంది, నున్నటి లోహం మీద దాని అంచు కంటికి ఆనదు. జాలి గాట్లలో ఆయిల్ నిలిచి అంచు ఎక్కడుందో పట్టిస్తుంది. పదికి తొమ్మిది మార్కులు.

కేబుల్ కొసన ప్లాస్టిక్ ముక్క ఉన్న రకం ఆధునిక డీజిల్ కార్లలో చాలా కనిపిస్తుంది. గొట్టం వంకర్లు తిరిగినా సులువుగా దూరుతుంది, దాని సుగుణం అంతే. కొస పసుపు రంగులోనో నారింజ రంగులోనో ఉంటే కొత్త ఆయిల్ ఆ రంగులో కలిసిపోతుంది. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి, కొస విరిగి చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పడటం ఈ రకానికి తెలిసిన జబ్బు. కొస విరిగిన పుల్లకు ఆయిల్ అందదు, చూసినవాళ్లు తక్కువుందనుకుని ఇంకా పోస్తారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. సర్వీస్ తర్వాత మొదటిసారి తీసినప్పుడు కొస పూర్తిగా ఉందో లేదో చూడండి. ఆరు మార్కులు.

ఏ రకమైనా ఒక లెక్క ముందే చేసి పెట్టుకుంటే మంచిది. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు 1 లీటరు ఉంటుంది, చిన్న ఇంజన్లలో కొంచెం తక్కువ. మీ కారు అంకె మాన్యువల్లో ఉంటుంది. స్కేలు పెట్టి రెండు గీతల మధ్య దూరం కొలవండి. అది 20 మిల్లీమీటర్లు, మధ్యలో పట్టేది 1 లీటరు అయితే, ఒక్కో మిల్లీమీటరుకు 50 మిల్లీలీటర్లు. అప్పుడు పై గీత మీద 4 మిల్లీమీటర్లు తడి కనిపిస్తే ‘కొంచెం ఎక్కువుంది’ అనక్కర్లేదు, ‘దగ్గర దగ్గర 200 మిల్లీలీటర్లు ఎక్కువుంది’ అని వర్క్‌షాపులో ఖచ్చితంగా చెప్పొచ్చు. అంకెతో అడిగితే జవాబూ అంకెతోనే వస్తుంది.

కొలిచే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతాయి. ఆయిల్, ఫిల్టర్ మార్చిన వెంటనే, ఇంజన్ స్టార్ట్ చేయకుండా పుల్ల ముంచితే వచ్చేది తప్పుడు లెక్క. కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది. ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు రేస్ చేయకుండా ఐడిల్‌లో తిప్పితే ఫిల్టర్, కూలర్, టర్బో పైపులు నిండి మట్టం దిగుతుంది. ఫిల్టర్ సైజును బట్టి ఇది పావు నుంచి అర లీటరు దాకా ఉండొచ్చు. ఆ తర్వాత ఆపి, చాంబర్‌లోకి కిందికి దిగడానికి టైమివ్వాలి. చాలా కంపెనీలు ఇంజన్ వేడెక్కాక ఆపి 5 నుంచి 10 నిమిషాలు ఆగమంటాయి, కొన్ని చల్లటి ఇంజన్‌లో చూడమంటాయి. ఇందులో సొంత తెలివి పనికిరాదు, మీ మాన్యువల్ ఏది చెప్తే అదే. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లగా చూడమన్నచోట వేడిగా చూస్తే మట్టం పైకి కనిపిస్తుంది.

కారు సమతలంగా ఉండాలి. ఇంటి ముందు ర్యాంపు మీద ముందు చక్రాలు కాస్త పైకి ఉన్నా చాలు, పుల్ల చాంబర్‌కు ఏ కొసన దిగుతుందో దాన్నిబట్టి లెక్క అటో ఇటో జరుగుతుంది. సమతలం దొరకకపోతే ఒక ఉపాయం ఉంది: అదే చోట, కారును అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి కొలిచి, రెండిటి మధ్య అంకె తీసుకోండి.

మొదటిసారి బయటికి తీసిన పుల్లను చదవకండి. గొట్టం గోడలకు అంటుకున్న ఆయిల్ దాన్నిండా పూసుకుని వస్తుంది. పోగులు ఊడని గుడ్డతో తుడిచి, పిడి గొట్టం మూతిలో పూర్తిగా కూర్చునేదాకా నొక్కి, రెండు సెకన్లు ఆగి, నిటారుగా తీయండి. తీశాక తలకిందులు చేయకండి, ఆయిల్ పిడి వైపు జారుతుంది. కొస కిందికి ఉండగానే రెండు వైపులా చూడండి. ఒక వైపు పై గీత దాకా, రెండో వైపు దానికి 3 మిల్లీమీటర్ల కింద దాకా తడి ఉంటే, తక్కువ ఉన్న వైపే నిజం. ఎక్కువ కనిపించిన వైపు గొట్టం గోడకు రాసుకుని వచ్చింది. పట్టీ అడ్డంగా మొత్తం తడిసి, తెగకుండా ఉన్న చోటే మట్టం. దానిపైన ఒక పక్కగా సాగిన చారలు, విడివిడి చుక్కలు లెక్కలోకి రావు.

కొత్త ఆయిల్ అంచు ఎంతకీ కనపడకపోతే పుల్ల కొసను తెల్లటి టిష్యూ కాగితం మీద పడుకోబెట్టి ఒక్కసారి అద్దండి. ఆయిల్ ఉన్నంత మేర కాగితం మరకపడుతుంది. మరక అంచు, గీత పక్కపక్కన పెట్టి చూస్తే సందేహం మిగలదు. మూడుసార్లు కొలిచి, రెండుసార్లు ఒకే చోటికి వచ్చిందే రాసుకోండి.

రంగు గురించి ఒక మాట, ఎందుకంటే వర్క్‌షాపుల దగ్గర జరిగే వాదనల్లో సగం దీని మీదే. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ నల్లబడటానికి నెలలు పట్టదు. లోపల మిగిలిన పాత ఆయిల్, గోడలకు పట్టిన మసి కలిసి, ఇంజన్ పది నిమిషాలు తిరిగేసరికే ముదురు రంగు తెచ్చేస్తాయి. కాబట్టి ‘నల్లగా ఉంది, మార్చలేదు’ అనడం న్యాయం కాదు. మార్చారో లేదో తేల్చడానికి కొత్త ఫిల్టర్, బోల్ట్ చుట్టూ తుడిచిన గుర్తు, తీసిన పాత ఫిల్టర్ నమ్మకమైన ఆధారాలు. పాత ఫిల్టర్‌ను చూపించమని కారు ఇచ్చే ముందే చెప్పి పెట్టుకోవాలి.

లెక్క తేలింది. దాని అర్థం ఏమిటి? రెండు గీతల మధ్య ఎక్కడున్నా ఇంజన్‌కు ఇబ్బంది లేదు. సర్వీస్ రోజున మాత్రం ముప్పావు దగ్గర నుంచి పై గీత లోపు ఉండటం సరైన పని. సరిగ్గా పై గీత మీదే ఉంటే కూడా తప్పు పట్టక్కర్లేదు, అయితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కారుకు గీత కంటే కొంచెం దిగువన ఉండటమే నయం. కారణం చివర్లో వస్తుంది.

పై గీత దాటితే జరిగేది ఇది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్. దాని బరువు దిమ్మెలు ఆయిల్ ఉపరితలానికి దగ్గరగా తిరుగుతుంటాయి. 2000 ఆర్‌పీఎమ్ దగ్గర అంటే సెకనుకు 33 చుట్లు. మట్టం వాటిని తాకేంత పెరిగితే ఆయిల్‌ను కవ్వంలా చిలికి నురుగు చేస్తాయి. ఆయిల్ పంపు ఆ నురుగునే పీల్చుకుంటుంది. గాలి బుడగలు కలిసిన ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు, వాల్వులను నొక్కే హైడ్రాలిక్ ట్యాపెట్లు టకటకమంటాయి. టర్బో నుంచి ఆయిల్ తన బరువుతోనే చాంబర్‌లోకి దిగాలి, చాంబర్ మట్టం పెరిగితే ఆ దారి మందగించి సీళ్ల పక్కనుంచి కారుతుంది. క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టం ద్వారా ఆయిల్ తుంపర గాలి దారిలోకి, ఇంటర్‌కూలర్‌లోకి చేరుతుంది. పొగగొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తుంది.

పెట్రోల్ ఇంజన్లో లేని ప్రమాదం డీజిల్‌కు ఇక్కడే ఉంది. గాలితో పాటు వచ్చే ఆయిల్ తుంపరను డీజిల్ ఇంజన్ ఇంధనంగా కాల్చేసుకోగలదు. అది ముదిరితే కీ తిప్పి ఆపినా ఇంజన్ ఆగదు, తనంతట తానే వేగం పెంచుకుంటూ పోతుంది. మాన్యువల్ గేరు బండిలో బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఉక్కిరిబిక్కిరి చేసి ఆపాలి. ఆటోమేటిక్‌లో ఆ వీలు లేదు. దీనికి సాధారణంగా చాలా ఎక్కువ ఆయిల్ గానీ, చెడిపోయిన టర్బో సీలు గానీ ఉండాలి. పావు లీటరు ఎక్కువైనందుకే బెంబేలెత్తక్కర్లేదు, దాన్ని తీయించకుండా తిరగడం మాత్రం తప్పు. స్థూలంగా పావు లీటరు లోపు అయితే నెమ్మదిగా నడిపి వర్క్‌షాపుకు తీసుకెళ్లొచ్చు. అర లీటరు దాటితే ఉన్నచోటే తీయించాలి, ఇంజన్ స్టార్ట్ చేయకపోవడం మంచిది.

కింది గీత కన్నా తక్కువ ఉంటే కథ మరోలా ఉంటుంది. మలుపుల్లో, ఎత్తుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు మూతి గాలి పీలుస్తుంది. ముందు దెబ్బ తినేది టర్బో బేరింగు. ఎర్ర ఆయిల్ దీపం వెలగలేదు కదా అని ధీమా వద్దు, అది చెప్పేది మట్టం కాదు, ప్రెషరు. ప్రెషరు పడిపోయాక వెలిగే దీపం అది, వెలిగేసరికే నష్టం మొదలై ఉంటుంది.

ఎలక్ట్రానిక్ గేజు సంగతికొద్దాం. కొన్ని కొత్త కార్లకు డిప్‌స్టిక్ ఉండదు, చాంబర్ అడుగున ఒక సెన్సర్ ఉంటుంది. ఒక రకం అల్ట్రాసోనిక్ తరంగాన్ని పైకి పంపి, ఆయిల్ ఉపరితలం నుంచి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి మట్టం లెక్కేస్తుంది. ఇంకో రకం తీగను వేడి చేసి అది చల్లారే తీరును బట్టి లెక్కేస్తుంది. రోజువారీ వాడకంలో ఇది మంచి కాపలాదారు, బానెట్ ఎత్తని యజమానికి కూడా తక్కువైందని చెప్తుంది. సర్వీస్ రోజున మాత్రం దీన్ని ఒంటరిగా నమ్మలేం. చాలావాటికి ఆయిల్ వేడెక్కాలి, కారు సమతలంగా ఉండాలి, కొన్నిటికి కొంతసేపు నడపాలి, అప్పటిదాకా పాత లెక్కే చూపిస్తాయి. బొమ్మలో నాలుగైదు గళ్లుంటాయి, ఒక్కో గడి ఎంతో యజమానికి తెలియదు. కొన్ని కార్లు తక్కువైతేనే అరుస్తాయి, ఎక్కువైతే నోరు విప్పవు. డిప్‌స్టిక్ లేని కారయితే, బండి తీసుకునే ముందు వేడి ఇంజన్‌తో మెనూలో కొలత వేయించి, ఆ స్క్రీన్ ఫొటో తీసుకోండి. రోజువారీకి ఎనిమిది మార్కులు, సర్వీస్ రోజుకు నాలుగు.

తక్కువైతే పోయడం తేలికే, తొందరపడకపోతే. ఒక్కసారికి 200 మిల్లీలీటర్లు, అయిదు నిమిషాల విరామం, మళ్లీ కొలత. అదే గ్రేడు, అదే స్పెసిఫికేషన్ ఆయిల్ అడగండి. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కు డబ్బా మీద 5డబ్ల్యూ-30 అనే చిక్కదనం గ్రేడు ఉంటే సరిపోదు, ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణాల్లో సీ2, సీ3 లాంటి తక్కువ బూడిద రకమై ఉండాలి. మీ కారుకు ఏదన్నది మాన్యువల్ చెప్తుంది. సీ3లో సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 0.8 శాతం మించకూడదు. డీపీఎఫ్ లేని పాత ఇంజన్లకు వాడే ఏ3/బీ4లో 1 శాతం పైన ఉంటుంది, ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుని, పట్టిన మసిని కాల్చే రీజనరేషన్‌కు కూడా కాలిపోదు.

ఎక్కువైతే రెండు దారులు. డ్రెయిన్ బోల్ట్ వదులు చేసి కొంచెం కార్చడం మురికి పని, ఎంత పోయిందో లెక్క తెలియదు, వాషర్ మళ్లీ కొత్తది వేయాలి. నయమైనది డిప్‌స్టిక్ గొట్టంలోంచి తోడటం. 5 లేదా 6 లీటర్ల ట్యాంకు ఉన్న చేతిపంపు, దానికి 5, 6 మిల్లీమీటర్ల గొట్టం వస్తుంది. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా పీలుస్తుంది. చల్లగా ఉంటే చేతులు నొప్పెడతాయి, మరీ వేడిగా ఉంటే పీల్చే గొట్టం మెత్తబడి లోపలికి అణిగిపోతుంది. 200 మిల్లీలీటర్ల కోసం అంత సరంజామా కూడా అక్కర్లేదు: 60 మిల్లీలీటర్ల సిరంజి, డిప్‌స్టిక్ కన్నా ఒక జానెడు పొడవైన సన్న గొట్టం ఉంటే నాలుగు గుంజుళ్లలో పని అయిపోతుంది, ఎంత తీశారో సిరంజి మీద అంకే చెప్తుంది. అదనం తీయడానికి ఈ సాధనాలకు తొమ్మిది మార్కులిస్తాను. మొత్తం సర్వీసే ఇలా పైనుంచి పీల్చి చేస్తామంటే మాత్రం ఇంజన్‌ను బట్టి చూడాలి. కొన్ని ఇంజన్లలో గొట్టం అడుగుదాకా దిగుతుంది, అక్కడ ఇది మంచి పద్ధతే. ఇంకొన్నిటిలో ఒంపు దగ్గర ఆగిపోయి అడుగున పాత ఆయిల్ మిగులుతుంది. దాని మీద మాన్యువల్ అంకె ప్రకారం పూర్తిగా పోస్తే మళ్లీ పై గీత దాటుతుంది.

మట్టం సరిగ్గా ఉన్నా, రెండు రోజుల్లో పడిపోతే కింద చూడండి. డ్రెయిన్ బోల్ట్ వాషర్ పాతదే వేశారా, స్పిన్-ఆన్ (డబ్బాలా తిప్పి బిగించే) ఫిల్టర్ అయితే పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండగా దాని మీద కొత్తది బిగించారా అన్నవి మొదట అనుమానించాల్సినవి. రెండు రింగులు పడితే ఐడిల్‌లో కారకపోవచ్చు, ప్రెషరు పెరగ్గానే చిమ్ముతుంది.

సర్వీస్ రోజు కొలతను తేదీ, కిలోమీటర్లతో రాసి పెట్టుకోవాల్సిన అసలు కారణం డీపీఎఫ్. ఫిల్టర్లో మసిని కాల్చడానికి చాలా ఇంజన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడల మీదుగా చాంబర్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. చిన్న చిన్న ప్రయాణాలు చేస్తూ రీజనరేషన్ మధ్యలోనే ఇంజన్ ఆపేస్తుంటే ఇది ఎక్కువవుతుంది. అప్పుడు ఎవరూ పోయకుండానే మట్టం పెరుగుతుంది. మాజ్దా స్కైయాక్టివ్-డీ ఇంజన్ల డిప్‌స్టిక్ మీద పై గీతకు పైన ఒక ఎక్స్ గుర్తు ఉంటుంది, ఆయిల్ అక్కడికి చేరితే గడువుతో సంబంధం లేకుండా మార్చేయాలి. అలాంటి గుర్తు లేని కార్లలో సర్వీస్ రోజు రాసుకున్న అంకే ఆ పని చేయాలి. మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత 1000 కిలోమీటర్లకోసారి అదే చోట, అదే పద్ధతిలో కొలవండి. రెండు మిల్లీమీటర్లు దిగితే ఇంజన్ కొంత తాగిందని అర్థం, 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని రాసే మాన్యువల్స్ ఉన్నాయి. రెండు మిల్లీమీటర్లు పెరిగితే పుల్లను ముక్కు దగ్గర పెట్టుకోండి. డీజిల్ వాసన ఘాటుగా ఉంటే ఇంధనం కలిసింది. వాసన లేకుండా ఆయిల్ పాలు కలిపిన కాఫీలా చిక్కటి గోధుమరంగులో ఉంటే కూలెంట్ కలిసింది, ఆ కారును నడిపించకండి, ఎక్కించుకుని తీసుకెళ్లే బండి పిలవండి. ఆయిల్ మూత అడుగున మాత్రమే కొంచెం మీగడలాంటిది కనిపించి, పుల్ల మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, అది చాలావరకు చల్లటి ఇంజన్‌తో చేసిన చిన్న ప్రయాణాల్లో పట్టిన తేమే.